కటకటాల వెనక మందు మానితే

రోజూ పీకలదాకా తాగేవాణ్ని రిమాండుకు పంపితే మొదటి రాత్రి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. జైలుకొచ్చిన భయమనుకుంటారు. రెండో రోజుకు ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు కొందరు దుప్పటి మీద లేని దారాలు ఏరుతుంటారు, ఒంటి మీద లేని పురుగుల్ని దులుపుకుంటారు, తామెక్కడున్నదీ చెప్పలేరు. బ్యారక్‌లో వాళ్లకిది నాటకంలా కనిపిస్తుంది. వైద్యులు డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు. పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు.

మెదడు జోరును తగ్గించే గాబా అనే రసాయనానికి మద్యం వత్తాసు పలుకుతుంది, జోరు పెంచే గ్లుటమేట్‌ను అణుస్తుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది: గాబాకు స్పందన తగ్గించుకుని గ్లుటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. బరువు కింద నొక్కిపెట్టిన స్ప్రింగన్నమాట. జైలు గేటు దగ్గర ఆ బరువును ఒక్కసారిగా తీసేస్తారు.

చికిత్స కష్టమైనదేం కాదు. డయాజిపామ్ లాంటి మందును తగిన మోతాదులో మొదలుపెట్టి కొద్ది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. దాంతోపాటు థయమిన్, అంటే విటమిన్ బి1. తాగుడుతో ఒంట్లో ఇది అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఆ మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. తెలంగాణలోనైతే ‘మందా, కల్లా?’ అని కూడా అడగాలి. కల్తీ కల్లులో మత్తునిచ్చే అల్ప్రజోలామ్ కలుపుతారు. అది ఆగినా మూర్ఛలొస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసరికి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరింది ఇందుకే.

‘ఆరు నెలలు లోపలుంటే వాడే మానేస్తాడు’ అంటారు ఇంట్లోవాళ్లు. కాలేయంలో పేరుకున్న కొవ్వు కొన్ని వారాల్లో కరగడం నిజమే. కానీ వైన్‌షాపు బోర్డు, కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం, పాత నేస్తాలు: మెదడు మద్యంతో ముడిపెట్టుకున్న ఈ గుర్తులేవీ బ్యారక్‌లో ఎదురుపడవు. అక్కడి నిగ్రహాన్ని నేనైతే పరీక్ష రాయకుండా వచ్చిన మార్కులుగానే చూస్తాను. అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైల్లో 1942 నుంచే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు జరిగాయి. అలాంటి కూడిక బయట కూడా దొరికితేనే ఫలితం.

వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మంది ఖైదీల మీద 2007లో వెలువడ్డ అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో వాళ్లకు మరణ ముప్పు ఇతరులకన్నా 12.7 రెట్లు. అందులో మత్తుమందుల ఓవర్‌డోసులదే పెద్ద వాటా. మద్యం విషయంలోనూ తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, పాత మోతాదే ఎక్కువవుతుంది. తాగినా కిక్కు తగ్గించే నాల్ట్రెక్సోన్‌ను, కాలేయ పరీక్ష చేసి, విడుదలకు ముందే మొదలుపెట్టవచ్చు.