ఇంటిపన్ను తరగతి – ఆఱు నెలల గడువు

ఇంగ్లండులో క్రొత్తగా కాపురము పెట్టిన మనవారి కొక పొరపాటు సహజముగా కలుగుచుండును. ఇల్లు అద్దెది గదా, ఇంటిపన్ను యజమాని వ్యవహారము గదా యని వారు తలంతురు. మన పురపాలక సంఘముల వాడుక యట్టిది. కాని యచ్చటి కౌన్సిలు పన్నును సాధారణముగా ఇంటిలో నివసించువాడే చెల్లింపవలయును. గదులు వేర్వేరుగా అద్దెకిచ్చిన యిండ్ల మాట వేఱు. వైద్యుడైనను, ఇంజనీరైనను ఇల్లంతయు అద్దెకు దీసికొన్నచో బిల్లు వాని పేరనే వచ్చును. దానిపై ఏ మొదలు హెచ్ వఱకు గల ఎనిమిది అక్షరములలో నొకటి అచ్చుపడియుండును. అదియే ఆ యింటి తరగతి. అది తప్పని తోచినచో ప్రశ్నించు హక్కు అద్దెదారునకును గలదు.

ఈ అక్షర మెట్లు వచ్చినదో తెలిసికొనుట యవసరము. తలపన్నుపై దేశమంతటను అలజడి రేగిన పిమ్మట, దానికి బదులుగా 1993 ఏప్రిలు 1వ తేదీనుండి ఈ పన్ను అమలునకు వచ్చినది. ప్రతి యిల్లును 1991 ఏప్రిలు 1వ తేదీన అమ్మియున్నచో నెంత వెల పలికియుండునో యూహించి తరగతులలో చేర్చిరి. 40,000 పౌండ్లు మించనిది ఏ. 68,000 దాటి 88,000 వఱకు డి. 3,20,000 దాటినది హెచ్. ఇండ్లా కోట్ల సంఖ్యలో నున్నవి, వ్యవధియా స్వల్పము. అందుచే ప్రైవేటు ఇండ్ల దళారులను గూడ నియోగించిరి. వారు లోన అడుగిడకయే, వీథి వెంబడి కారు నడపుచు, చూచిన చూపుతోనే పెక్కు గృహములకు వెల కట్టిరి. 'రెండవ గేరు మదింపు' అని దీనికి పరిహాసనామము కలిగినది.

ఇంగ్లండులో ఆ మదింపే నేటికిని ఆధారము. 2007లో మరల మదింపు చేయ సంకల్పించి, 2005లోనే దానిని వాయిదా వేసిరి. వేల్సువారు మాత్రము 2003 నాటి వెలలను గైకొని 2005 నుండి క్రొత్త తరగతుల నమలుపఱచిరి. ఇంగ్లండులో నిన్న కట్టిన యింటికైనను 1991లో నుండియున్నట్లు భావించియే వెల కట్టవలయును. పుట్టని బిడ్డకు జాతకము వ్రాయుట యనిన నిదియే!

డి తరగతివాడు తొమ్మిది పాళ్లు చెల్లించిన, సి తరగతివాడు ఎనిమిదియు, ఇ తరగతివాడు పదునొకండును చెల్లించును. ఒక్క అక్షరము తప్పినను భారము ఏటేట మోయవలసినదే.

తరగతిని ప్రశ్నింపదలచువాడు పోవలసినది కౌన్సిలు కడకు కాదు, ప్రభుత్వపు మదింపు కార్యాలయమునకు. నేడు వెల తగ్గినదనుట, బిల్లు మోయరాకున్నదనుట అచ్చట చెల్లవు. రెండు విషయములు చూపవలయును. మొదటిది, అదే వీథిలో, అదే పరిమాణమున, అదే కాలమున కట్టిన యిండ్లు తక్కువ తరగతిలో నున్నవని; తరగతుల పట్టీ బహిరంగమే గనుక ఇది సులభము. రెండవది, 1989 ఏప్రిలు మొదలు 1993 మార్చి వఱకు అట్టి యిండ్లు అమ్ముడుపోయిన వెలలు.

పొరుగువారి పట్టీ నొక్కదానిని చేతబట్టుకొని పరుగెత్తుటను మేము మెచ్చము. పొరుగువానిది తక్కువైనంత మాత్రమున తనది తప్పు కాజాలదు. పొరుగువానిదే తప్పు కావచ్చును. మఱియు, ఇంటిని పెంచి కట్టుకొన్నవానికి, దాని నమ్మువఱకు ఆ కారణమున తరగతి పెరుగదు, కొన్నవానికి పెరుగవచ్చును. చూపున కొక్కటియే యైన రెండిండ్ల తరగతులు వేఱగుట కిదియు నొక హేతువు. విచారణ మొదలైన పిమ్మట అధికారి తరగతిని తగ్గింపవచ్చును, ఉన్నట్లే యుంచవచ్చును, పెంపను వచ్చును. పొరుగు ఇండ్ల తరగతులు గూడ పెరుగవచ్చును. తనకు నాలుగు పౌండ్లు మిగులునని పోయి వీథి వీథికంతయు పన్ను పెంచి వచ్చినవాడు మరునాడు వారి మొగము చూచు టెట్లు? కావున 1991 నాటి వెలయు తన పక్షమున నున్నప్పుడే దరఖాస్తు పెట్టుట మంచిది.

గడువు ముఖ్యము. క్రొత్తగా పన్నుదారుడైనవాడు ఆఱు నెలలలోపల విధిప్రకారము అభ్యంతరము చెప్పవచ్చును. నిర్ణయము ప్రతికూలమైనచో మూడు నెలలలో ట్రిబ్యునలునకు అప్పీలు చేసికొనవచ్చును. రుసుము లేదు, వకీలుతో పని లేదు. గడువు దాటినవాడు బలమైన సాక్ష్యముతో పునఃపరిశీలన కోరవచ్చును గాని, నిరాకరించినచో సాధారణముగా అప్పీలు లేదు. విచారణ సాగుచున్నంతకాలము పన్ను మానరాదు. తరగతి తగ్గినచో, అధికముగా చెల్లించిన సొమ్మును కౌన్సిలు లెక్కగట్టి తిరిగి యిచ్చును. ఆ ఆఱు నెలలు బిల్లు చదివిన దినమునుండి కావు. పన్ను బాధ్యత తనపై బడిన దినమునుండి.