అడవిలో ఒక రాత్రి బస

శ్రీమద్రామాయణమున పంచవటిని జేరినప్పుడు శ్రీరాముడు లక్ష్మణునితో మొదట పలికినది పర్ణశాల కట్టుమని కాదు, తగిన చోటు వెదకుమని. నీరు చెంత నుండవలెను. సమిధలు, దర్భలు, పూవులు చేరువలో దొరకవలెను. ఆ స్థలము నిర్ణయమైన పిమ్మటనే లక్ష్మణుడు నేల చదునుచేసి శాలను గట్టెను. ఈ ఘట్టమును పిల్లలకు ముప్పది సంవత్సరములకు పైగా బోధించితిని. కాని అందలి లౌకికమైన పాఠమును నేను నేర్చినది మాత్ర మొక రాత్రి అడవిలోనే.

1989 కార్తికమాసమున 22 మంది బాలురను వెంటబెట్టుకొని తూర్పు కనుమలలో నొక వాగు చెంతకు బోయితిని. వాగు ఎండియుండెను. ఇసుక పఱుపువలె మెత్తగా నున్నదని గుడారములు అందులోనే వేయించితిని. ప్రొద్దు గ్రుంకువేళ పశువులను దోలుకొని పోవుచున్న కొండవాసి యగు వృద్ధుడొకడు నిలిచి, “పంతులుగారూ, ఇది నీరు నడిచే దారి. పిల్లల్ని గట్టుమీదికి తీసుకుపొండి” అనెను. మింట మబ్బైనను లేదుగదా యని నేనంటిని. ఆతడు మాటాడక పై కొండలవంక చేయి చూపెను. అచ్చట మెఱుపులు మెఱయుచుండెను. వానికేమి తెలియునన్న గర్వము నాకొక క్షణ మడ్డుపడినమాట నిజము. పిల్లల మొగములు చూచి లేచితిని. అర్ధరాత్రమున, మాపై చినుకైనను పడకయే, వాగు హోరుమని దిగివచ్చెను. తెల్లవాఱి చూడగా మేము పేర్చిన పొయ్యిరాళ్ళు లేవు.

కావున శిబిరమునకు రక్షణ యంతయు సూర్యాస్తమయమునకు ముందే సమకూర్చుకొనవలెను. బస ఎల్లప్పుడు వాగు గట్టునకు బాగుగా పైన, ఎండుకొమ్మలు లేని చోట నుండవలెను. ఉఱుములు వినబడినచో ఒంటిచెట్టు క్రింద నిలువరాదు. గుడారము పిడుగునుండి కాపాడదు, పక్కాభవనమునకో మూసిన మోటారుబండిలోనికో పోవలెను. అభయారణ్యములలోను, రక్షితారణ్యములలోను అటవీశాఖవారి యనుమతి లేక రాత్రి నిలువరాదు.

రెండవది పడక. లంబసింగి, అరకు వంటి చోట్ల శీతకాలపు రాత్రి చలి తీవ్రము. కప్పుకొను కంబళి యెంత దళసరియైనను, క్రింద పఱచునది పలుచనైనచో నేల మన వేడిని లాగుకొనును. దోమతెర యంచులను పఱుపు క్రిందికి దోపవలెను. ఇది దోమలకే కాదు, పాములకును అడ్డు. కట్లపాము రాత్రివేళ తిరుగుచు, నేలపై నిద్రించువారిని తఱచుగా కఱచును. కాటు నొప్పి స్వల్పము, గుర్తు కానరాకపోవచ్చును. తెల్లవాఱుజామున ఎవ్వరికైనను కడుపునొప్పి వచ్చి, ఱెప్పలు వ్రాలినచో పాముకాటని శంకింపవలెను. తినుబండారములను గుడారములో నుంచరాదు. వానికై ఎలుకలు, ఎలుకలకై పాములు వచ్చును. చీకటిలో టార్చిలైటు, చెప్పులు లేక అడుగు వేయరాదు; ఉదయమున చెప్పులు దులిపి తొడుగవలెను.

కాటు పడినచో కోయరాదు, పీల్చరాదు, త్రాడు బిగించి కట్టరాదు. ఉంగరములు, గాజులు తీసివేసి, కఱచిన యవయవమును కదలకుండ బద్దతో నిలిపి, రోగిని నడిపింపక ఆసుపత్రికి చేర్పవలెను. మంత్రములయందు నాకు గౌరవము కలదు. కాని నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి అను నాలుగింటి విషమునకును ప్రతివిషపు సూదియే మందు. 2005 నుండి 108 వాహనము మనకు కలదు. కాని కొండలలో సెల్‌ఫోను పలుకకపోవచ్చును. కనుక సమీపపు ఆసుపత్రి యెచ్చటనో బయలుదేరకముందే తెలిసికొనవలెను.

నీటి విషయము. సెలయేటి నీరు అద్దమువలె నున్నను నమ్మరాదు. కుతకుత మఱుగుట మొదలైన పిమ్మట ఒక నిమిషమైన మఱిగించి చల్లార్చి త్రాగవలెను. ఇక నిప్పు. చలికి జడిసి గుడారములో బొగ్గుల కుంపటి నుంచుట ప్రాణాంతకము. మూసిన చోట దానినుండి కార్బన్ మోనాక్సైడను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము దీయును. వంటనిప్పును వెలుపలనే, ఎండుటాకులను తొలగించిన నేలపై నుంచి, పరుండుటకు ముందు నీరు పోసి, బూడిద చేతికి చల్లగా తగులువఱకు ఆర్పవలెను.

తల్లిదండ్రులకొక మనవి. పిల్లలను అడవికి పోవలదని ఆపకుడు. నక్షత్రముల క్రింద నిద్రించిన రాత్రిని వారు జీవితాంతము మఱవరు. కాని పంపుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: ఎచ్చట పరుందురు? ఏ నీరు త్రాగుదురు? ఏ దినమున, ఏ వేళకు మరలివత్తురో ఇంటనున్నవారిలో ఎవ్వరికి తెలియును? మూడింటికిని సమాధానము లేనిచో ప్రయాణము మఱియొక వారము వాయిదా వేయుడు.

బస చేయు చోట ఆ యూరివారినొక్కరినైన అడిగి, వారు చెప్పినట్లు నడువుడు. మఱునాడు కృతజ్ఞత చెప్పుటకు ఆ వృద్ధునికై వెదకితిని, ఆతడు కానరాలేదు. పేరడుగవలెనని ముందురాత్రి నాకు తోచలేదు. నాటి బాలురు 22 మందియు ఇండ్లకు క్షేమముగా చేరిరి. ఆ ఋణము ఈ మాటలతో కొంతయైన తీరవలెనని నా కోరిక.