తాతయ్య సైకిల్‌ని గోడకు తగిలించాలా, రోడ్డెక్కించాలా?

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి డర్బన్‌లో బ్లూ లగూన్ దగ్గరికి వచ్చి చూడండి. ఉమ్గేని నది సముద్రంలో కలిసే చోటు అది. కార్ల మీంచి సైకిళ్ళు దిగుతుంటాయి. ఒక్కొక్కటే గోడకు ఆనుకుని వరసగా నిలబడుతుంది. అప్పుడు మొదలవుతుంది సందడి. "కొత్త చక్రాలా?" "ఎంత పడింది?" "బరువెంత?" అని అడుగుతూనే, జవాబు వచ్చేలోపు ఆ సైకిల్‌ని ఒంటి చేత్తో ఎత్తి చూస్తారు. సైకిల్ వాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే పద్ధతి అదే.

మా గుంపులో పదిహేను మందిమి. కొందరి ఇళ్ళలో తెలుగు, కొందరి ఇళ్ళలో తమిళం, కొందరికి జూలూ. మాట్లాడుకునేది ఎక్కువగా ఇంగ్లీషే. కానీ ఎవరి సైకిలైనా మరీ బరువుగా ఉంటే "అమ్మో!" అనే మాట మాత్రం అందరికీ వచ్చు. అది నేను నేర్పిందే.

ఒక చిన్న మాట ముందే చెప్పాలి. ఇక్కడ మనం "బైక్" అంటాం. ఆంధ్రాలో, తెలంగాణలో "బైక్" అంటే మోటార్‌సైకిల్. తొక్కేది "సైకిల్". హైదరాబాద్‌లో చుట్టాలకు "నేను బైక్ మీద వంద కిలోమీటర్లు వెళ్ళాను" అని చెబితే, "పెట్రోలు ఎంత అయింది?" అని అడిగారు. అందుకే ఇక్కడ సైకిల్ అనే రాస్తున్నాను.

గోడ దగ్గర వరసలో మొదటిది మా డాక్టరక్కది. కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు. గేర్లు మార్చడానికి తీగలు లేవు. బటన్ నొక్కితే చిన్న మోటారు చైన్‌ని పక్కకు జరుపుతుంది. షిమానో కంపెనీ ఇలాంటి గేర్లను 2009లో తెచ్చింది. బరువు 7.2 కిలోలు. ప్రపంచ పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదని 2000 నుంచి నియమం ఉంది. "ఇంకో 400 గ్రాములు తగ్గితే నేనూ పోటీలకు సిద్ధం" అంటుంది అక్క. "ఆ 400 గ్రాములు సైకిల్‌లో తగ్గించాలా, మనలో తగ్గించాలా?" అని అందరూ నవ్వుతారు.

రెండోది ఒక కుర్రాడి అల్యూమినియం సైకిల్. సెకండ్ హ్యాండ్‌ది. రంగు అక్కడక్కడ పోయింది. కానీ చైన్ చూడండి, అద్దంలా మెరుస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి డర్బన్‌లో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అందుకని ప్రతి ఆదివారం ఇంటికి వెళ్ళగానే సైకిల్ కడిగి, తుడిచి, చైన్‌కు నూనె వేస్తాడు. ఖరీదైన సైకిల్ కంటే శుభ్రమైన సైకిల్ బాగా నడుస్తుందని అతని వాదన. నేనూ ఒప్పుకుంటాను.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆ వరసలో చివర నేను నిలబెట్టింది మా తాతయ్య సైకిల్.

రాలే కంపెనీ సైకిల్, 1974లో కొన్నది. ముదురు ఆకుపచ్చ రంగు. ఫ్రేమ్ మీద "రెనాల్డ్స్ 531" అనే స్టిక్కర్ సగం చిరిగి ఉంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగరంలోని రెనాల్డ్స్ వాళ్ళు 1935లో తెచ్చిన ఉక్కు గొట్టాలు అవి. గొట్టం చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది. అతుకు పడేచోట బలం కావాలి, మధ్యలో బరువు తగ్గాలి. అందుకే అలా చేశారు. ఆ రోజుల్లో పోటీలకు వెళ్ళే సైకిళ్ళు చాలా ఆ గొట్టాలతో తయారయ్యేవి.

కుర్రాడు దాన్ని ఎత్తి చూశాడు. "అమ్మో!" అన్నాడు. తూకం వేస్తే 12.4 కిలోలు.

ఆ తర్వాత అరగంట ఎవరూ కార్బన్ సైకిళ్ళ వైపు చూడలేదు.

తాతయ్య దాన్ని ఓవర్‌టైమ్ డబ్బులతో కొన్నారు. చాట్స్‌వర్త్ నుంచి జేకబ్స్‌లో ఫ్యాక్టరీకి రోజూ దాని మీదే వెళ్ళేవారు. పోటీల్లో పాల్గొనాలని ఆయనకు కోరిక. కానీ అప్పట్లో క్లబ్బులు ముందు మనిషి రంగు చూసేవి, తర్వాతే కాళ్ళ బలం. బీచ్ కూడా అంతే, ఈ చివర వీళ్ళది, ఆ చివర వాళ్ళది. 1975లో కామ్రేడ్స్ మారథాన్ తొలిసారి అధికారికంగా అన్ని జాతులవాళ్ళకూ, ఆడవాళ్ళకూ తలుపు తెరిచింది. ఆ రోజు తాతయ్య ఈ సైకిల్ మీద పైన్‌టౌన్ దాకా వెళ్ళి, రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. "ఆ రోడ్డు మొత్తం ఒకసారి తొక్కాలనిపించింది తల్లీ. కానీ మర్నాడు పొద్దున్నే డ్యూటీ" అన్నారు నాతో. ఆ డ్యూటీలు అలాగే ఇరవై ఏడేళ్ళు నడిచాయి.

ఆ రోడ్డు మీదే ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో అమషోవా జరుగుతుంది. పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి డర్బన్‌కు 106 కిలోమీటర్లు. "షోవా" అంటే జూలూలో పెడల్ తొక్కడం. తాతయ్య సైకిల్ మీదే ఈసారి అమషోవాకు వెళ్తానని ఆ ఆదివారం మా వాళ్ళకు చెప్పాను.

గొడవ అక్కడే మొదలైంది.

మా గుంపులో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. పాత సైకిళ్ళంటే ఆయనకు ప్రాణం. "ఇది ఉన్నదున్నట్టు యాభై ఏళ్ళు మిగిలింది. ఒక్క నట్టు మార్చినా ఇది ఆ సైకిల్ కాదు. శుభ్రం చేసి గోడకు తగిలించమ్మా" అన్నారు.

డాక్టరక్క ఒప్పుకోలేదు. "చూడటానికి బాగుంటుంది సరే. ఈ చక్రాలతో, ఈ బ్రేకులతో ఫీల్డ్స్ హిల్ దిగితే నేను నీకు కట్లు కట్టాల్సి వస్తుంది" అంది.

నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎలాగో చెబుతాను.

ముందు బ్రేకుల సంగతి. పాత చక్రాల రిమ్ములు క్రోమ్ పూసిన ఉక్కువి. ఎండలో బాగానే ఆగుతాయి. వానలో తడిస్తే బ్రేకు రబ్బరు వాటి మీద జారిపోతుంది. అల్యూమినియం రిమ్ము తడిసినా ఉక్కు కంటే చాలా నయం.

రెండోది గేర్లు. తాతయ్య సైకిల్‌కు ముందు చిన్న చైన్ వీల్‌కు 42 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో పెద్దదానికి 24 పళ్ళు. 42ని 24తో భాగిస్తే 1.75. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకటిం ముప్పావు చుట్లు తిరుగుతుంది, సైకిల్ దాదాపు 3.8 మీటర్లు ముందుకు పోతుంది. చదును రోడ్డు మీద అది హాయి. కొండ ఎక్కేటప్పుడు ఒక్కో చుట్టుకీ అంత దూరం మనిషిని, సైకిల్‌ని పైకి లాగాలంటే మోకాళ్ళు ఏడుస్తాయి. డాక్టరక్క సైకిల్‌కు ముందు 34, వెనక 34. ఒక చుట్టుకు 2.1 మీటర్లే. నెమ్మదిగా వెళ్తుంది, కానీ ఆగకుండా వెళ్తుంది.

ఇక మాస్టారి మాట. ఫ్రేమ్‌ని కోసినా, వంచినా, కొత్త రంగు కొట్టించినా మళ్ళీ వెనక్కి తేలేం. ఆ ఆకుపచ్చ రంగు మీద గీతలన్నీ తాతయ్యవే. పోతే పోయినట్టే.

ఎటూ తేలక, సైకిల్ ఎవరిదో ఆయన్నే అడిగాను. తాతయ్యకు ఎనభై నాలుగేళ్ళు. టీ కప్పు కింద పెట్టి ఒకే మాట అన్నారు. "నేను నాలుగుసార్లు చైన్ మార్చాను, టైర్లు ఎన్నిసార్లు మార్చానో లెక్కే లేదు. అరిగినవి మార్చుకోవాలి. కానీ పాతవి పారెయ్యకు."

దారి దొరికింది. మళ్ళీ వెనక్కి బిగించగలిగేవి మాత్రమే మారుద్దాం, తీసిన ప్రతి భాగాన్నీ దాచుదాం అనుకున్నాం. మాస్టారు కూడా "సరే" అన్నారు. పైగా తన మెకానిక్ దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు.

అక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి మీకు పనికొస్తుంది. కొత్త టైర్లు ముందే కొనేశాను. 700సి అని రాసి ఉన్నవి. ఎక్కించబోతే ఎక్కలేదు. పాత చక్రాలు 27 అంగుళాలవి. పేరులో తేడా చిన్నదే, కానీ టైరు కూర్చునే చోట 27 అంగుళాల రిమ్ము 630 మిల్లీమీటర్లు, 700సి రిమ్ము 622. ఎనిమిది మిల్లీమీటర్ల తేడాతో టైరు పనికిరాదు. పాత సైకిల్‌కు టైరు కొనేముందు పాత టైరు పక్క మీద ఉన్న అంకెలు చదవండి.

చివరికి ఆ టైర్ల కోసమే మెకానిక్ వాడిన 700సి అల్యూమినియం చక్రాలు వెతికిపెట్టాడు. రిమ్ము చిన్నదైంది కాబట్టి బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి. అదృష్టం కొద్దీ బ్రేకులో అంత చోటు ఉంది. పాత డబ్బాలోంచి 34 పళ్ళ ఫ్రీవీల్ ఒకటి, దానికి సరిపడే పొడుగు గేర్ చెయ్యి ఒకటి తీశాడు. ఇప్పుడు 42, 34. పెడల్ ఒక చుట్టుకు దాదాపు 2.6 మీటర్లు. డాక్టరక్క సైకిల్ అంత సులువు కాదు, తాతయ్య రోజుల్లో అంత కష్టమూ కాదు. బేరింగుల్లో పాత గ్రీజు తీసి కొత్తది పెట్టాడు. ఫ్రేమ్‌లో ఎక్కడైనా పగులుందేమో అతుకు అతుకూ చూశాడు. ఇలా విప్పి, కడిగి, మళ్ళీ బిగించడాన్ని ఆంధ్రాలో సైకిల్ షాపుల వాళ్ళు "ఓవరాయిలింగ్" అంటారు. ఇంగ్లీషు మాటే, తెలుగు నోట్లో నూనె పూసుకుని నున్నగా అయింది.

తీసిన భాగాలు ఇంటికి తెచ్చి అట్టపెట్టెలో పెట్టాను. ఒక్కోదానికి చీటీ కట్టి తెలుగులో రాశాను. "వెనక చక్రం." "పాత బ్రేకు రబ్బర్లు." "ఫ్రీవీల్, 24 పల్లు." తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కోటీ చదివారు. చివరిది చూసి నవ్వారు. "పల్లు కాదమ్మా, పళ్ళు. నాలుక వెనక్కి మడిచి చెప్పు" అన్నారు. వారాంతపు తెలుగు బడిలో నాకు ఎంతకీ పట్టుబడని "ళ" ఆ రోజు ఫ్రీవీల్ వల్ల వచ్చింది. చీటీ కొట్టేసి మళ్ళీ రాశాను.

అమషోవాకు ముందు మూడు నెలలు ప్రతి ఆదివారం ఎమ్4 రోడ్డు మీద ఉత్తరం వైపు తొక్కాం. ఎడమ పక్క చెరకు తోటలు, కుడి పక్క సముద్రం. 1860 నుంచి 1911 దాకా మన పూర్వీకులు వచ్చింది ఆ తోటల్లో పనికే. యజమాని చీటీ లేకుండా తోట దాటి వెళ్తే శిక్ష పడేది. ఆ పక్కనే మేం ఎవర్నీ అడక్కుండా అరవై కిలోమీటర్లు తొక్కి, తిరిగొచ్చి బన్నీ చౌ తింటాం. చెరకు మీంచి గాలి వీచినప్పుడు అది గుర్తొస్తుంది.

ఇక ఆ రోజు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో సన్నగా జల్లు. చుట్టూ వేల సైకిళ్ళు, నాది తప్ప అన్నీ కొత్తగా కనిపించాయి. కేటో రిడ్జ్ దాకా బాగానే వెళ్ళాను. డ్రమండ్ దగ్గర రోడ్డు లోయలోకి దిగి, అక్కడి నుంచి బోథాస్ హిల్‌కు ఎక్కుతుంది. పక్కన వెయ్యి కొండల లోయ ఎంత అందంగా ఉంటుందో చెబుతారు. నాకు ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు. 34 పళ్ళు కూడా చాలలేదు. రెండు వందల మీటర్లు దిగి, తోసుకుంటూ నడిచాను. పక్క నుంచి పోతూ ఒక పెద్దాయన "అది 531యేనా?" అని అరిచాడు. అవునన్నాను. బొటనవేలు పైకెత్తి చూపించాడు. మళ్ళీ ఎక్కాను.

ఫీల్డ్స్ హిల్ తడిగా ఉంది. బ్రేకులు పట్టాయి.

డర్బన్ చేరేసరికి అయిదు గంటల నలభై నిమిషాలు. డాక్టరక్క నా కంటే గంటన్నర ముందే వచ్చి, బట్టలు మార్చుకుని కూర్చుంది. తను ముందు నన్ను చూడలేదు, బ్రేకులు నొక్కి చూసింది.

తర్వాతి ఆదివారం తాతయ్యను బ్లూ లగూన్‌కు తీసుకొచ్చాను. వరసలో ఉన్న సైకిళ్ళన్నిటినీ ఒక్కోటిగా ఎత్తి చూశారు. కార్బన్ సైకిల్ ఎత్తి, "ఇందులో ఏమీ పెట్టలేదా?" అని అడిగారు. చివరికి తన సైకిల్ దగ్గరికి వచ్చారు. ఎత్తలేదు. వంగి, వెనక చక్రం చేత్తో తిప్పి, ఫ్రీవీల్ టిక్ టిక్ మంటుంటే ఆగేదాకా విన్నారు.

మీ గరాజ్‌లోనూ ఒక పాత సైకిల్ ఉండవచ్చు. బయటికి తీయండి. టైరు పక్క మీద అంకెలు చదవండి, అతుకుల దగ్గర పగుళ్ళు చూడండి, బ్రేకు రబ్బర్లు మార్చండి. తీసినవి పెట్టెలో పెట్టి, చీటీలు తెలుగులో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.