గాజుతొట్టిలోని చేపలు, మన కోరికల యంత్రములు

రేడియో పెట్టెను మూడు దినములు మూసియుంచినను దానికి కలుగు నష్టమేమియు లేదు. నాలుగవ దినమున మీట త్రిప్పినచో అది యథాప్రకారము పలుకును. చేపలతొట్టి అట్టిది కాదు. అది గదికి అలంకారమువలె కనిపించుచున్నను లోపల ప్రాణులున్నవి. వానికి గంటగంటకు గాలి కావలెను. దినదినము కొంచెము మేత కావలెను. వారవారము కొంత క్రొత్తనీరు కావలెను. కావుననే తొట్టి పెట్టుకొన్న ప్రతి యింటివారి మనస్సులోను ఒక కోరికల పట్టిక ఉండును. "ఈ పనిని తనంతట తానే చేయు యంత్రమొకటి యున్న నెంత బాగుండును!" అని వారనుకొనని దినముండదు. ఆ కోరికలలో తీరదగినవి ఏవి, తీరనివి ఏవి, తీరకుండుటయే మేలైనవి ఏవి అను విషయమును మేము ఇచట విచారింప దలచితిమి.

ఇందుకు మేము శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ఊరిని దృష్టియందుంచుకొంటిమి. మంచిర్యాల జిల్లాలోని ఈ ప్రాంతమున కాపురములు గడియారమునుబట్టి కాక షిఫ్టునుబట్టి నడచును. ఒక వారము ఇంటి యజమాని ఉదయముననే బాయికి పోవును. మరియొక వారము అర్ధరాత్రి ఇల్లు చేరును. ఇంకొక వారము ఊరందరు లేచువేళకు నిద్రకు ఒరగును. ఎండకాలమున ఈ గోదావరి తీరపు వేడిమి 45 డిగ్రీల వరకు పోవుట క్రొత్తగాదు. ఓపెన్‌కాస్టు గనుల సమీపమున దుమ్ము కిటికీలోనుండి లోనికి వచ్చుచుండును. వేళతప్పిన జీవనము, వేడి, దుమ్ము అను ఈ మూడింటి నడుమ చేపను బ్రతికించుట సామాన్యమైన పని కాదు. అందుచేత ఇచటి కోరికలు వట్టి సోమరితనమువలన పుట్టినవి కావు.

ఇంటిలో గాజుతొట్టి పెట్టుకొను అలవాటు మిక్కిలి ప్రాచీనమైనదేమియు కాదు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త ఒక నీటిపాత్రలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి యుంచి, మొక్కలు విడుచు ప్రాణవాయువు చేపలకు, చేపలు విడుచు బొగ్గుపులుసు వాయువు మొక్కలకు ఉపయోగపడునని విశదపరచెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరువబడెను. అయితే వారింగ్టన్ చెప్పిన సమతుల్యము చేపలు కొలదిగా ఉన్నప్పుడే నిలుచును. మనము చిన్నతొట్టిలో పది చేపలను విడిచి, వాని అందమును చూడగోరుదుము. ప్రకృతి చేయలేని మిగిలిన పనికొరకే యంత్రము అవసరమైనది.

కోరికలలో మొదటిది గాలికి సంబంధించినది. గాలిపంపు నడుచుచుండగా కరెంటు పోవును. ఇంటివారు డ్యూటీలో నుందురు. తిరిగివచ్చునప్పటికి చేపలు నీటిపైన తేలుచుండును. ఎండకాలమున ఈ ఆపద హెచ్చు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 35 డిగ్రీల నీటిలో 7 మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. నీరు వేడెక్కిన కొలది చేపకు ఊపిరి అక్కర పెరుగును. నీటిలో ఆ ఊపిరి తరుగును. అనగా ఖర్చు పెరిగిన నెలలోనే జీతము తగ్గినట్లగును.

కరెంటు పోయినను ఆగని పంపు కావలెనను ఈ కోరిక పూర్తిగా తీరదగినది. చిన్న గాలిపంపునకు 3 వాట్ల విద్యుత్తు చాలును. అది ఎనిమిది గంటలు నడచినచో 24 వాట్-గంటలు ఖర్చగును. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి యుండును. అందులో సగమునే వాడుకొన్నను ఒక షిఫ్టు కాలమునకు మించి పంపు నడచును. కరెంటు పోయిన వెంటనే బ్యాటరీకి మారు పంపులు నేడు బజారులో దొరకుచున్నవి. అయితే ఒక్క సంగతిని మరువరాదు. పంపు నీటిమట్టముకంటె క్రిందనున్నచో, అది ఆగినప్పుడు తొట్టిలోని నీరు గొట్టమువెంట వెనుకకు దిగి పంపును, ప్లగ్గును తడుపవచ్చును. కావున పంపును తొట్టికంటె ఎత్తుననే ఉంచవలెను. లేదా నీటిని వెనుకకు రానీయని చిన్న కవాటమును గొట్టమునకు అమర్చవలెను. దుమ్ముగల చోట పంపు గాలిపీల్చు రంధ్రమునకు పలుచని స్పాంజి ముక్కను పెట్టి, వారమునకొకసారి కడుగవలెను.

రెండవ కోరిక చల్లదనము. పాశ్చాత్యదేశముల తొట్లలో నీటిని వేడిచేయు కడ్డీ ముఖ్యమైనది. మనకు చలికాలమున కొలది దినములు తప్ప దానితో పనిలేదు. మనకు కావలసినది దానికి మారుగా చల్లబరచు సాధనము. అట్టి యంత్రములు కలవుగాని వాని వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు. అయినను ఇందలి రహస్యము మన ఇంటి కుండకు చిరకాలముగా తెలిసినదే. కుండ చెమర్చి నీరు ఆవిరియగునప్పుడు లోపలి వేడిని తీసికొనిపోవును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. అందులో ఒక లీటరు ఆవిరియైపోవుటకు కావలసిన వేడినంతటిని మిగిలిన నీటినుండియే తీసినచో ఆ నీరు సుమారు 10 డిగ్రీలు చల్లబడవలెను. గదినుండి మరల వేడి చేరుచుండును గనుక వాస్తవమున అంత తగ్గదు. కాని కంప్యూటరులలో వాడు చిన్నఫ్యానును తొట్టి అంచున బిగించి నీటిపైకి వీచునట్లు చేసినచో, గాలి పొడిగానున్న ఏప్రిలు, మే నెలలలో రెండు మూడు డిగ్రీలు తగ్గును. చేప ప్రాణమునకు ఆ రెండు మూడు డిగ్రీలే గట్టు. వానకాలపు తడిగాలిలో ఈ ఉపాయము అంతగా పనిచేయదు. అప్పుడు దాని అవసరమును అంతగా ఉండదు. మంచుగడ్డలను ఒక్కసారిగా నీటిలో వేయుట మాత్రము కూడదు. వేడికంటె ఆకస్మికమైన మార్పు చేపకు ఎక్కువ హాని చేయును.

ఫ్యాను పెట్టినచో నీరు త్వరగా తరుగును. తరిగిన నీటిని తానే నింపుకొను తొట్టి కావలెనను మూడవ కోరిక ఇచట పుట్టును. దీనికి మోటారు అక్కరలేదు. కోళ్ళకు నీళ్ళు పెట్టు డబ్బాను చూడని వారుండరు. నీరు నింపిన సీసాను తలక్రిందుగా గట్టిగా బిగించి, దాని మూతి మనకు కావలసిన నీటిమట్టమును తాకునట్లు ఉంచవలెను. నీరు ఆ మట్టముకంటె తగ్గినప్పుడు సీసాలోనికి గాలి ప్రవేశించి కొంత నీరు దిగును. మట్టము సరిపోగానే తానే నిలుచును. ఇంటికప్పుపై నీటితొట్టెకు పెట్టు బాల్‌కాక్ వంటి సాధనము నీటిగొట్టమునకు కలుపవచ్చును గదా యని కొందరందురు. అది చేయరాదు. కుళాయినీటిలోని క్లోరిను చేపల మొప్పలను కాల్చును. ఆ నీటిని బక్కెటలో ఒక దినము నిలువయుంచి గాని, హైపో అను మందు తగుపాటి వేసి గాని వాడవలెను.

నాలుగవది మేతయంత్రము. దినమునకొకసారి తిరిగి చిటికెడు మేతను రాల్చు డబ్బాలు కలవు. షిఫ్టు మారు ఇండ్లకు అవి కొంత మేలే. కాని తేమవలన మేత ముద్దకట్టి, ఒకనాడు ఏమియు రాలక, మరునాడు మూడుదినముల మేత ఒక్కసారి రాలినచో అది ఆకలికంటె చెరుపు. తినని మేత కుళ్ళి నీటిని విషము చేయును. ఆరోగ్యముగానున్న పెద్దచేప కొలది దినములు మేత లేకున్నను నిలువగలదు. కావున మేడారము జాతరకు కుటుంబమంతయు మూడు దినములు పోవునప్పుడు, ఎదురింటి పిల్లవానికి మేతడబ్బా నంతయు అప్పగించుటకంటె ఏమియు వేయకుండుటయే మేలు. తప్పనిసరియైనచో దినమునకొక పొట్లము చొప్పున కట్టి ఇచ్చిపోవలెను. కాగితపు పొట్లముకంటె నమ్మకమైన మేతయంత్రము మాకు కనిపించలేదు.

అయిదవ కోరిక అన్నిటికంటె గంభీరమైనది. నీరు చెడినప్పుడు ముందుగా హెచ్చరించు దీపమొకటి కావలెనని పలువురు కోరుదురు. గనులలో ఇట్టి ఆలోచన పాతది. 1815లో సర్ హంఫ్రీ డేవీ నిర్మించిన రక్షక దీపములో, మండు వాయువు చేరినప్పుడు జ్వాలపై నీలిచాయ కనిపించెడిది. హాల్డేను అను శాస్త్రవేత్త సూచనమీద బ్రిటను గనులలో కేనరీ పక్షులను విషవాయువును తెలిసికొనుటకు వాడిరి. 1986 మొదలు వానికి బదులు యంత్రములు వచ్చినవి.

తొట్టిలోని విషవాయువు అమ్మోనియా. చేపల విసర్జనమునుండి, కుళ్ళిన మేతనుండి అది పుట్టును. కంటికి కనబడదు, నీరు అద్దమువలె తేటగానున్నను అది ఉండవచ్చును. నీరు వేడెక్కిన కొలది, క్షారగుణము పెరిగిన కొలది దాని విషము హెచ్చును. దీనిని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప అంత హానిలేని నైట్రేటుగను మార్చును. ఇట్టి జీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రవేత్త వేరుచేసి చూపెను. క్రొత్త తొట్టిలో ఈ జీవులు వృద్ధిపొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. తొట్టి కొన్ననాడే పది చేపలను తెచ్చి వేయు ఇండ్లలో వారము తిరుగకమునుపే చేపలు చచ్చుటకు కారణమిదియే. దిష్టియు కాదు, దుకాణదారుని మోసమును కాదు. అమ్మోనియాకు రంగుమారు పలకలు, పరీక్షమందులు నేడు దొరకును. ఈ కోరిక కొంతవరకు తీరినట్లే. అయినను చేపయే అన్నిటికంటె మంచి సూచిక. రాత్రి చీకటిలో మొక్కలును ప్రాణవాయువునే పీల్చును గనుక తెల్లవారుజామున నీటిలో అది అతితక్కువగా ఉండును. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి గుటకలు మ్రింగుచున్నవా యని చూడదగిన వేళ అదియే. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరువారికి ఆ వేళ దాదాపు తానై కలసివచ్చును.

ఆరవ కోరిక తనను తాను శుభ్రపరచుకొను తొట్టి. వడపోత యంత్రము మురికిని ఒకచోట చేర్చునేగాని తొట్టినుండి బయటికి పంపదు. నైట్రేటు నీటిలోనే పేరుకొనును. ఆవిరియైన నీరు లవణములను వెంట తీసికొనిపోదు. కాబట్టి పైన చెప్పిన సీసా ఎంత నింపినను, వారమునకొకసారి నాలుగవవంతు నీటిని మార్చుట తప్పదు. రెండు గజముల రబ్బరు గొట్టమును నీటితో నింపి, రెండు కొనలను వ్రేళ్ళతో మూసి, ఒక కొనను తొట్టిలోను, రెండవదానిని క్రిందనున్న బక్కెటలోను విడిచినచో నీరు తానే దిగును. నోటితో పీల్చుట మంచిది కాదు. ఆ నీటిని కరివేపచెట్టుకు పోసినచో అది ఎరువును అగును. వడపోతలోని స్పాంజిని కూడ ఈ తొట్టినీటిలోనే పిండవలెను. కుళాయి క్రింద కడిగినచో మేలుచేయు జీవులు క్లోరినువలన నశించును.

ఇన్ని యంత్రములు చేరినచోట విద్యుత్తును గురించి ఒక మాట చెప్పక తప్పదు. ప్రతి తీగయు ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి, పిదప పైకి పోవునట్లు చేయవలెను. తీగవెంట జారిన నీటిబొట్టు ఆ వంపుననే రాలిపోవును. ఇంటి మీటలపెట్టెలో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపు రక్షకసాధనము ఉండుట అవసరము. నీటిలో చేయి పెట్టుటకు ముందు అన్ని ప్లగ్గులను తీయవలెను. పిల్లలు చూచి ఆనందించుటకు పెట్టిన తొట్టి పిల్లలకు అపాయకరము కారాదు.

అన్నిటిని తానే చేసి, మనము చూడనవసరమే లేకుండ చేయు యంత్రము కావలెనను కోరిక ఇంకొకటి మిగిలినది. అది తీరకుండుటయే మేలని మా అభిప్రాయము. ప్రతి యంత్రమును ఎప్పుడో ఒకప్పుడు చెడును. నిత్యము చూచు అలవాటు తప్పిన ఇంటిలో అది చెడిన సంగతి చేప చచ్చిన పిదపనే తెలియును. యంత్రమును కోరుటకు ముందు చోటికి తగిన చేపను కోరుట వివేకము. మన కొర్రమట్ట తక్కువనీటి బురదలోను బ్రతుకుట పైగాలిని పీల్చగల శక్తి చేతనే. అది గాజుతొట్టికి పెద్దదగును. కాని అట్టి శక్తియే గల గౌరామి వంటి చిన్నచేపలు మన వేడిని, కరెంటు కోతను బంగారుచేపకంటె బాగుగా ఓర్చుకొనును. పడమటి గోడకు దూరముగా తొట్టిని ఉంచుట, చేపలను కొలదిగా పెంచుట అను ఈ రెండును కాసు ఖర్చులేని యంత్రములు.

కావున క్రొత్తగా తొట్టి పెట్టువారు మొదట బ్యాటరీగల గాలిపంపును, తరువాత చిన్నఫ్యానును, ఆ పిదప పరీక్షమందును సమకూర్చుకొనుడు. మేతయంత్రము, రంగుదీపములు తీరికమీద చూచుకొనవచ్చును. షిఫ్టుకు పోవునప్పుడును, వచ్చినప్పుడును రెండు నిమిషములు తొట్టివద్ద నిలిచి చేపలను లెక్కించు అలవాటు ఇంటిలో ఒక్కరికైన ఉండవలెను.