కోట్లల్లో అమ్ముడుపోయిన పాట ఏది?

మానుకోటలో బరాత్ సాగుతున్నా, భూపాలపల్లిలో గనికార్మికుడి ఇంట పెండ్లి జరుగుతున్నా, డీజే పెట్టె మోగితే ఒకరు అననే అంటారు: ఈ పాట కోట్లల్లో పోయింది. పాట బాగుందనడంలో పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్కతోనే.

అపోహ: సింగిల్స్, అంటే విడివిడిగా విడుదలయ్యే పాటలు, మనకు యూట్యూబ్‌తోనే వచ్చాయి.
వాస్తవం: 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటంటేనే సింగిల్. పక్కకు సుమారు మూడు నిమిషాలు, అంతే పట్టేది. తెలుగు టాకీ పుట్టకముందే నాటక పద్యాలు ప్లేట్లకెక్కాయి. ఘంటసాల ‘పుష్పవిలాపం’ ఏ సినిమా కోసమూ పాడింది కాదు, ప్రైవేటు రికార్డుగా ఇంటింటా మోగింది.

అపోహ: అత్యధికంగా అమ్ముడైన తెలుగు పాట ఫలానాది.
వాస్తవం: అలా తేల్చే లెక్కల పుస్తకమే లేదు. బ్రిటన్‌లో 1952 నవంబరు నుంచి, అమెరికాలో అంతకుముందు నుంచే, ఏ పాట ఎక్కువ అమ్ముడైందో వారంవారం పట్టికలు వేశారు. మన దగ్గర 1980లలో క్యాసెట్ ఊళ్లకు చేరింది. కొన్నది క్యాసెట్‌ను, అందులో పాటలు ఎనిమిదో పదో. జనం ఏ పాట కోసం కొన్నారో కంపెనీకీ తెలియదు. మేడారంలో, జాతర అంగళ్లలో సమ్మక్క పాటల క్యాసెట్లు తెగ అమ్ముడయ్యాయి. వాటిలో అసలెన్నో, నకళ్లెన్నో ఎవరు లెక్కపెట్టారు?

అపోహ: పది కోట్ల వ్యూస్ అంటే పది కోట్ల మంది.
వాస్తవం: ఒకే మనిషి పదిసార్లు చూస్తే పది వ్యూస్. 2019లో ర్యాపర్ బాద్‌షా పాట ఒక్కరోజులో ఏడున్నర కోట్లు దాటిందన్నారు. ప్రకటనలతో పెంచిన అంకెలని గొడవ లేవడంతో, అదే ఏడాది యూట్యూబ్ తన 24 గంటల రికార్డుల్లోంచి డబ్బిచ్చి తెచ్చుకునే వ్యూస్‌ను తీసేసింది.

అపోహ: ‘బండెనక బండి కట్టి’ గద్దర్ రాసిన పాట.
వాస్తవం: ఇది మన ప్రాంతం వాళ్లు కూడా చేసే పొరపాటు, అందుకే కొంచెం ఆగాలి. పాట కట్టింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో. జనగామ ప్రాంతంలోని విసునూరు దేశ్‌ముఖ్ మీద జనం తిరగబడిన రోజులవి. ఆ పోరులోనే కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు బలైంది 1946 జులై 4న. మూడు దశాబ్దాలు దాటాక, గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’లో గద్దర్ తెరమీద కనబడి ఆ పాట పాడాడు. ఆ గొంతూ, ఆ గొంగడీ జనం మనసులో పాటకు అతుక్కుపోయాయి. సినిమా రాకముందు అది బతికింది నోటి మీదనే, దానికి ఏ అమ్మకం లెక్కా అంటదు.

అపోహ: ‘బుల్లెట్టు బండి’ వెనకటి జానపదం, ఎవరిదీ కాదు.
వాస్తవం: పల్లె బాణీ వినబడగానే పాతదనుకోవడం మన అలవాటు. అది 2021 నాటి పాట. రాసింది లక్ష్మణ్, బాణీ ఎస్‌కే బాజీది, పాడింది మోహన భోగరాజు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత అరవై ఏండ్లూ హక్కు ఉంటుంది. సొంతంగా రాసిన పాటకు యాస ఏదైనా ఇదే చట్టం.