గర్భిణులలో ఓపియాయిడ్ల పరీక్ష

గర్భిణి శరీరంలోకి నల్లమందు జాతి పదార్థాలు చేరాయో లేదో తెలుసుకొనుటకు ప్రయోగశాలలో జరిపే పరీక్షలను గర్భిణులలో ఓపియాయిడ్ల పరీక్ష అంటారు. గసగసాల మొక్క కాయ పాల నుండి లభించే మార్ఫిన్, కొడీన్, మార్ఫిన్ నుండి తయారయ్యే హెరాయిన్, కృత్రిమమైన ట్రమడాల్, ఫెంటనిల్ మొదలైనవి ఓపియాయిడ్లు.

అవసరం

ఈ పదార్థాలు మాయ గుండా గర్భస్థ శిశువును చేరుతాయి. తల్లి వీటికి అలవాటు పడి ఉంటే, ప్రసవంతో సరఫరా ఆగిపోవడం వలన శిశువులో సాధారణంగా మొదటి మూడు రోజులలో వణుకు, ఎడతెగని కీచు ఏడుపు, పాలు తాగలేకపోవడం, విరేచనాలు కనిపించవచ్చు. ముందుగా తెలిస్తే వైద్యులు సిద్ధంగా ఉండగలరు.

నమూనాలు

* మూత్రం: సాధారణంగా గడచిన 1-3 రోజుల వాడకాన్ని తెలుపుతుంది.
* వెంట్రుకలు: నెలకు సుమారు 1 సెం.మీ. పెరుగుతాయి. కుదురు నుండి 3 సెం.మీ. పొడవు సుమారు 3 నెలల చరిత్రను చూపుతుంది.
* శిశువు తొలి మలం: గర్భం చివరి 4-5 నెలల వాడకాన్ని సూచిస్తుంది.
* బొడ్డుతాడు: పుట్టిన వెంటనే లభిస్తుంది.

విధానం

మొదట ప్రతిరక్షకాల ఆధారంగా త్వరిత పరీక్ష జరుపుతారు. అందులో పదార్థం ఉన్నట్లు తేలితే మాస్ స్పెక్ట్రోమెట్రీ ద్వారా నిర్ధారించుకోవాలి.

పరిమితులు

త్వరిత పరీక్ష ఫలితం తుది నిర్ణయం కాదు. గసగసాలు వేసి వండిన కూర తిన్నవారి మూత్రంలోనూ మార్ఫిన్ కనిపించవచ్చు. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1998లో ఉద్యోగుల పరీక్షలకు పరిమితిని మిల్లీలీటరుకు 300 నుండి 2000 నానోగ్రాములకు పెంచింది. క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్ కూడా కొన్ని పరీక్షలలో తప్పుడు ఫలితం ఇస్తుంది. మరోవైపు, మార్ఫిన్‌ను గుర్తించే సాధారణ పరీక్షకు ట్రమడాల్, ఫెంటనిల్ చిక్కవు. నొప్పుల సమయంలో వైద్యులే ఇచ్చిన మందు కూడా నమూనాలలో కనిపించవచ్చు. పరీక్ష పదార్థం ఉనికిని తెలుపునే కాని, వ్యసనాన్ని నిరూపించదు.

చట్టం, సమ్మతి

అమెరికా సుప్రీంకోర్టు 2001లో ఫెర్గుసన్ కేసులో, పోలీసులకు ఆధారాలు అందించుటకై ప్రభుత్వాసుపత్రి గర్భిణులను సమ్మతి లేకుండా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షను ప్రకారం మాదకద్రవ్య సేవనం నేరం. అయితే స్వచ్ఛందంగా చికిత్స కోరే వ్యసనపరులకు 64ఏ సెక్షను ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పిస్తుంది. శిక్షకు భయపడిన గర్భిణి ఆసుపత్రికే రాకపోతే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. కనుక ముందు సౌమ్యంగా ప్రశ్నించి, సమ్మతితోనే పరీక్షించాలని నిపుణులు సూచిస్తారు.

చికిత్స

అలవాటు పడినవారు మందును ఒక్కసారిగా మానడం ప్రమాదకరం. వైద్యుల పర్యవేక్షణలో మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్ ఇస్తారు.

ఇవి కూడా చూడండి

* నల్లమందు
* గసగసాలు
* మార్ఫిన్