సిలికాన్‌లో ఇనుము జాడ

సోమందేపల్లె చుట్టుపక్కల వానకు కొదవ గానీ ఎండకు లేదు. అదే జిల్లాలో, కదిరి అవతల ఎన్.పి.కుంట సోలార్ పార్కులో ఎన్‌టీపీసీ ఒక్కటే 250 మెగావాట్ల ప్లాంటు పెట్టింది. ఎండను కరెంటు చేసే సిలికాన్‌కు ఒక పాత శత్రువుంది, ఇనుము. తయారీలో ఎక్కడో చొరబడిన ఇనుప అణువులు, వెలుతురు తగిలి పుట్టిన ఎలక్ట్రాన్లు తీగ దాకా చేరకముందే మింగేస్తాయి. అంత కొద్దిపాటి మలినం మామూలు రసాయన పరీక్షలకు దొరకదు.

దాన్ని పట్టే ఉపాయాన్ని 1974లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే డేవిడ్ లాంగ్ ప్రకటించాడు. పేరు డీప్ లెవెల్ ట్రాన్సియెంట్ స్పెక్ట్రోస్కోపీ. ల్యాబుల్లో డీఎల్‌టీఎస్ అంటే చాలు. నమూనా మీద చిన్న డయోడ్ తయారుచేసి, ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్ దాకా, ఇంకా దిగువకు పోవాలంటే హీలియంతో చల్లబరిచి, మెల్లగా వేడెక్కిస్తూ వస్తారు. దారి పొడవునా వోల్టేజి పల్సులు ఇస్తూనే ఉంటారు. పల్స్ ఇచ్చినప్పుడు, ఇలాంటి మలినాల వల్ల ఏర్పడిన లోపాల్లో ఆవేశం నిండుతుంది. పల్స్ ఆగాక అది ఖాళీ అవుతుంటే డయోడ్ కెపాసిటెన్స్ అతి స్వల్పంగా మారుతుంది. చలిలో ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది, వేడిలో రెప్పపాటు చాలు.

లాంగ్ ఆ మార్పునంతా కొలవలేదు. రెండంటే రెండు క్షణాల్లో కొలిచి తేడా తీశాడు, అంతే. పల్స్ తర్వాత 1 మిల్లీసెకనుకూ 2 మిల్లీసెకన్లకూ కొలిచామనుకోండి. ఖాళీ అయ్యే కాలం 1.44 మిల్లీసెకన్లుగా ఉండే ఉష్ణోగ్రత దగ్గర ఆ తేడా గరిష్ఠమై, గ్రాఫులో శిఖరం లేస్తుంది. క్షణాలు మారిస్తే శిఖరం పక్కకు జరుగుతుంది. అలా జరిగిన శిఖరాలను అర్హీనియస్ గ్రాఫు మీద పెడితే, గీత వాలు లోపం శక్తిని చెబుతుంది. నమూనా అనుకూలిస్తే ఐదు లక్షల కోట్ల సిలికాన్ అణువుల్లో ఒక్క ఇనుప అణువున్నా దొరుకుతుంది.

తొలినాళ్ళలో ఆ తీసివేత ఎలక్ట్రానిక్ పరికరాలే చేసేవి, కెపాసిటెన్స్ మారిన వక్రంలో మిగతాదంతా వృథా. కంప్యూటర్ వచ్చి వక్రం మొత్తాన్ని దాచిపెట్టింది. ఒక్కసారి వేడెక్కించి, తర్వాత తీరిగ్గా ఎన్ని జతల క్షణాలనైనా ఎంచుకోవచ్చు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం ఎల్ఈడీల పదార్థమైన గాలియం నైట్రైడ్‌లో లోతు లోపాలను ఈ పద్ధతితోనే పరిశీలించింది.

అసలు చిక్కు 1994లో మొదలైంది. లెషెక్ డోబచెవ్‌స్కీ, ఆంథొనీ పీకర్ బృందం ఉష్ణోగ్రతను కదలనీయకుండా పట్టి ఉంచి, వేల వక్రాల సగటు తీసి, లాప్లాస్ విలోమంతో విడగొట్టే దారి చూపింది. రెండు డ్రిప్పు పైపుల నీళ్ళు ఒకే బిందెలో పడ్డాక ఏ పైపు ఎంత వదిలిందో లెక్క చెప్పమన్నట్టుంటుంది ఆ గణితం. ఫలితం మాత్రం గొప్పది. సిలికాన్‌లో బంగారమూ, హైడ్రోజన్‌తో జతకట్టిన బంగారమూ మామూలు పద్ధతిలో ఒకే శిఖరంగా కనిపిస్తే, ఇది రెంటినీ విడదీసింది. అయితే సిగ్నల్‌లో కాస్త గోల ఉందా, లేని శిఖరాలూ లేస్తాయి. అందుకే ఒకే డేటాను వేర్వేరు అల్గారిథమ్‌లకు ఇచ్చి, అన్నిట్లోనూ నిలిచిన శిఖరాన్నే నమ్ముతారు. రంగురంగుల గ్రాఫులు గీసే ప్రోగ్రాముకంటే, 'ఈ డేటా ఇంతకంటే చెప్పలేదు' అని ఆగిపోయేదే నా దృష్టిలో మెరుగు. 240 కెల్విన్ దగ్గర శక్తి లెక్క 0.02 ఎలక్ట్రాన్ వోల్ట్ తప్పినా, లోపం ఆవేశాన్ని పట్టుకునే వైశాల్యం రెండున్నర రెట్లు అటో ఇటో అవుతుంది. ఆ తప్పు నమూనా ఒకచోట, థర్మామీటరు ఇంకోచోట ఉన్నందుకే రావచ్చు.

ఇనుము విషయంలో మాత్రం ఒక చక్కని సాక్ష్యముంది. బోరాన్ కలిపిన సిలికాన్‌ను చీకట్లో గది ఉష్ణోగ్రతలో ఉంచితే ఇనుము బోరాన్‌తో జతకడుతుంది. అప్పుడు దాని స్థాయి వేలెన్సీ పట్టీకి 0.10 ఎలక్ట్రాన్ వోల్ట్ పైన ఉంటుంది, శిఖరం 77 కెల్విన్‌కు దిగువనే లేస్తుంది. 200 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి చటుక్కున చల్లార్చినా, గట్టి వెలుతురు పడేసినా జత విడిపోయి, స్థాయి 0.38కి మారుతుంది. కింది శిఖరం ఎంత కుంగిందో పైది అంత లేస్తే అది ఇనుమే. ముందూ వెనకా తీసిన ఆ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి చూపే సదుపాయం లేని ప్రోగ్రామును సోలార్ సిలికాన్ మీద పనిచేసేవాళ్ళకు నేను సిఫారసు చేయను.